హెచ్‌ఆర్, డైవర్సిటీలో పీహెచ్‌డీ చేయాలంటే: నెట్ కోడ్ నుంచి శాంపిల్ దాకా

అందరికీ నమస్తే. కాకతీయ యూనివర్సిటీలోనో, నిట్ వరంగల్‌లోనో హెచ్‌ఆర్ చదివి, ఇదే సబ్జెక్టులో అసిస్టెంట్ ప్రొఫెసర్ కావాలనుకునేవాళ్ల కోసం ఈ వీడియో. డైవర్సిటీ, అంటే ఉద్యోగుల్లో ఆడ-మగ, కులం లాంటి వైవిధ్యం మీద పీహెచ్‌డీ అనుకుంటే శాంపిల్ దగ్గర, అంటే ఎవరెవరిని అడగాలో ఎంచుకునే చోట, కొంచెం ఆగి చూడండి. చాలా థీసిస్‌లు దెబ్బతినేది అక్కడే.

ముందు నెట్, అంటే అసిస్టెంట్ ప్రొఫెసర్ అర్హతకు రాసే జాతీయ పరీక్ష. చాలామంది ఆలోచించకుండా సబ్జెక్టు కోడ్ 17, మేనేజ్‌మెంట్ నొక్కేస్తారు. అందులో ఫైనాన్స్, మార్కెటింగ్ కూడా చదవాలి. కోడ్ 55లో లేబర్ వెల్ఫేర్, పర్సనల్ మేనేజ్‌మెంట్, ఇండస్ట్రియల్ రిలేషన్స్, హెచ్‌ఆర్‌ఎం ఉంటాయి. కార్మిక చట్టాల మీద పట్టుంటే ఇదే నయం. కాకపోతే మీరు చేరాలనుకునే డిపార్ట్‌మెంట్ ఏ సబ్జెక్టు నెట్ అడుగుతుందో పాత నోటిఫికేషన్లలో చూసుకున్నాకే కోడ్ ఎంచుకోండి. రెండు పేపర్లు కలిపి 150 ప్రశ్నలు, 300 మార్కులు, 3 గంటలు. నెగెటివ్ మార్కులు లేవు, ఒక్కటీ వదలొద్దు. సెట్, అంటే ఇలాంటిదే రాష్ట్ర స్థాయి పరీక్ష, మన రాష్ట్రం వరకే చెల్లుతుంది.

ఇగ టాపిక్. "తెలంగాణ పరిశ్రమల్లో డైవర్సిటీ" అని పెట్టుకుంటే గైడ్ ఒప్పుకున్నా డేటా చేతికి రాదు. ఒక్క మార్పును పట్టుకోండి. ఉదాహరణకు 2019 జనవరిలో కేంద్రం ఇచ్చిన నోటిఫికేషన్. భూగర్భ గనుల్లో టెక్నికల్, సూపర్‌వైజరీ, మేనేజీరియల్ పనులకు మహిళలను పొద్దున 6 నుంచి సాయంత్రం 7 దాకా పెట్టుకోవచ్చంది. వాళ్ల రాతపూర్వక సమ్మతి ఉండాలని, కనీసం ముగ్గురు మహిళలు కలిసి ఉండాలని కూడా చెప్పింది. ఆ ముగ్గురు దొరకని గనిలో డ్యూటీలు, ప్రమోషన్లు ఎట్లా నడుస్తున్నాయి? ఇది పరిశోధన ప్రశ్న. సింగరేణి గనులున్న భూపాలపల్లి, రామగుండం మనకు దూరమేం కాదు.

ఇప్పుడు శాంపిల్. ఒక సంస్థలో 1,200 మంది, అందులో మహిళలు 60 అనుకుందాం. ఎంతమందిని తీసుకోవాలో చెప్పే యమానే సూత్రం స్క్రీన్ మీద చూడండి. 5 శాతం పొరపాటుకు ఒప్పుకుంటే, 0.05ను వర్గం చేసి 1,200తో గుణించి, ఒకటి కలిపితే 4. 1,200ను 4తో భాగిస్తే 300. లెక్క సరిగ్గానే ఉంది. కానీ లాటరీ తీస్తే ఆ 300లో మహిళలు సుమారు 15 మందే వస్తారు. 15 మందిని 285 మందితో పోలిస్తే, నిజంగా తేడా ఉన్నా టీ టెస్ట్‌లో, అంటే రెండు గుంపుల సగటులను పోల్చే పరీక్షలో, బయటపడకపోవచ్చు. అందుకే మహిళలను 60 మందినీ తీసుకుని, పురుషుల్లో 240 మందికి లాటరీ వేయండి. సంస్థ మొత్తం సగటు చెప్పేటప్పుడు మాత్రం మహిళల సగటును 0.05తో, పురుషుల సగటును 0.95తో గుణించి కలపాలి. అది మరిస్తే 5 శాతం ఉన్నవాళ్లు 20 శాతంగా లెక్కకొస్తారు. వైవాలో, అంటే థీసిస్ మీద జరిగే మౌఖిక పరీక్షలో, మొదటి ప్రశ్న దీని మీదే పడొచ్చు.

ప్రశ్నావళిని ఒకరు తెలుగు చేయాలి, ఒరిజినల్ చూడని ఇంకొకరు దాన్ని మళ్లీ ఇంగ్లీషులోకి తేవాలి. తర్వాత 30 మందితో పైలట్, అంటే చిన్న ముందస్తు సర్వే. ప్రశ్నలన్నీ ఒకే విషయాన్ని కొలుస్తున్నాయో లేదో చెప్పే క్రాన్‌బాక్ ఆల్ఫా 0.7 కంటే తక్కువొస్తే ప్రశ్నలు తీసేయడానికి తొందరపడకండి. "ఇక్కడ నా మాటకు విలువ లేదు" లాంటి తిరగేసిన ప్రశ్నకు 1ని 5గా, 5ని 1గా మార్చారో లేదో ముందు చూడండి.

ఫారాలు హెచ్‌ఆర్ మేనేజర్ చేత పంచిస్తే అన్నీ నాలుగులూ అయిదులే వస్తాయి, ఆయనే మళ్లీ వసూలు చేస్తాడని అందరికీ తెలుసు కదా! మీరే పంచి, సీల్ వేసిన డబ్బాలో వేయించండి. ముగ్గురే మహిళలున్న సెక్షన్‌లో వయసు, హోదా, కులం అన్నీ అడిగితే పేరు రాయకపోయినా మనిషి దొరికిపోతుంది. వయసును పదేళ్ల శ్రేణుల్లో అడగండి. కులం ప్రశ్న చివర్లో పెట్టి, "చెప్పదలచుకోలేదు" అనే గడి ఇవ్వండి.

పేపర్ల సంగతి. నమ్మదగిన జర్నళ్లంటూ యూజీసీ ఇచ్చిన కేర్ లిస్టును 2025లో ఎత్తేశారు, జర్నల్ మంచిదో కాదో ఇప్పుడు మీరే తేల్చుకోవాలి. డబ్బు కడితే మూడు రోజుల్లో వేస్తామనేవాళ్ల జోలికి పోవద్దు. సంస్థ అనుమతి పత్రం మాత్రం సినాప్సిస్, అంటే పరిశోధన ప్రతిపాదన, ఇవ్వకముందే, లెటర్‌హెడ్ మీద, స్టాంపుతో తీసుకోండి. మేనేజర్ బదిలీ అయితే నోటి మాట పనికిరాదు.