ఒకటి చూస్తే మూడూ చూసినట్టేనా? విల్నియస్, రీగా, టాలిన్ అనే మూడు వాటాల ఇల్లు

[కెమెరా ముందు నేను. వెనక గోడ మీద మ్యాప్]

మొన్న మా చిన్నాన్న ఫోన్ చేశాడు. "ఏరా, నీ బాల్కన్ టూర్ ఎలా జరిగింది?" అని. బాల్కన్ కాదు చిన్నాన్నా, బాల్టిక్ అన్నాను. "ఏదో ఒకటిలే. మూడు దేశాలంటూ అంత డబ్బు తగలేశావు. అన్నీ ఆ పాత రష్యావాళ్ల ఊళ్లేగా, ఒకటి చూస్తే మూడూ చూసినట్టే" అన్నాడు.

చిన్నాన్న ఒక్కడే అయితే ఊరుకుందును. ఆఫీసులోనూ ఇదే మాట. మాతో టూర్‌కి వచ్చిన ఒక పెద్దాయన విల్నియస్‌లో రెండో రోజుకే "మిగతా రెండూ ఇంతేగా" అని హోటల్లో పడుకున్నాడు. అందుకే ఈ వీడియో.

బాల్కన్ గొడవ ముందే తేల్చేద్దాం. సెర్బియా, అల్బేనియా అవీ బాల్కన్, యూరప్‌కి దక్షిణాన. మనం మాట్లాడేది ఈశాన్యాన, బాల్టిక్ సముద్రపు తూర్పు గట్టు. కింది నుంచి పైకి లిథువేనియా, లాత్వియా, ఎస్టోనియా. వాటి రాజధానులు వరసగా విల్నియస్, రీగా, టాలిన్. ఒక రాజధాని నుంచి ఇంకో రాజధానికి దాదాపు 300 కిలోమీటర్లు. మేం పద్నాలుగు మందిమి, ఒక మినీబస్సు, మొదటి నుంచి చివరిదాకా తోడుండే ఒక టూర్ లీడర్, ఊరూరా ఒక లోకల్ గైడ్. సరిహద్దు దగ్గర బస్సు ఆగను కూడా ఆగలేదు. మూడూ షెంగెన్‌లోనే, అంటే సరిహద్దు తనిఖీలు ఎత్తేసుకున్న యూరప్ దేశాల జట్టులోనే ఉన్నాయి, మూడింట్లోనూ యూరోనే నడుస్తుంది. ఈ సౌకర్యమే మనవాళ్ల కొంప ముంచింది. గేటు ఒకటే కదా అని ఇల్లూ ఒకటే అనుకుంటారు.

[మ్యాప్ తీసేసి, చేత్తో గీసిన ఇంటి బొమ్మ]

ఇల్లు అంటే గుర్తొచ్చింది. చిన్నప్పుడు ఏలూరులో మేం మూడు వాటాల ఇంట్లో అద్దెకుండేవాళ్లం. మొదటి వాటా మాది. మధ్య వాటాలో ఒక టీచర్‌గారు. చివరి వాటాలో రైల్వేలో పనిచేసే తమిళాయన కుటుంబం. ఒకే ప్రహరీ, ఒకే గేటు, ఒకే నుయ్యి. ఓనరు మూడు వాటాలకీ ఒకే రంగు సున్నం వేయించాడు. దాంతో కొత్త పోస్ట్‌మన్ అందరి ఉత్తరాలూ మా గుమ్మంలో పడేసి పోయేవాడు. "అందరూ ఒకింటివాళ్లేగా" అని. మా చిన్నాన్న ఆ పోస్ట్‌మన్ లాంటివాడు. ఈ ఇల్లు గుర్తుపెట్టుకోండి, వీడియో అంతా ఇందులోనే తిరుగుతాం.

మొదటి వాటా విల్నియస్, మధ్య వాటా రీగా, చివరి వాటా టాలిన్. ముందు గోడకి చెవి ఆనించి విందాం, ఏ వాటాలో ఏం మాట్లాడుతున్నారో.

లిథువేనియన్, లాత్వియన్ అక్కచెల్లెళ్లు. బాల్టిక్ భాషలు అనే కుటుంబంలో ఇవాళ బతికున్నవి ఈ రెండే. లిథువేనియన్ వింటుంటే మనకు అక్కడక్కడా ఒళ్లు ఝల్లుమంటుంది. ఉగ్నిస్ అంటే అగ్ని. దాంతిస్ అంటే దంతం. డూమై అంటే ధూమం, పొగ. సూనుస్ అంటే కొడుకు, మన పద్యాల్లో సూనుడు. వాళ్ల సామెత ఒకటుంది: "దియెవస్ దావే దాంతిస్, దియెవస్ దువోస్ ఇర్ దువోనోస్." దేవుడు పళ్లిచ్చాడు, రొట్టే ఇస్తాడు. మా గైడ్ అర్థం చెప్పగానే మా గుంపులో ఒకావిడ "అయ్యో, నారు పోసినవాడు నీరు పోయడా!" అంది.

ఇక్కడ చిన్న బ్రేక్. సంస్కృతం నుంచి లిథువేనియన్ పుట్టిందని వాట్సాప్‌లో తిరుగుతోంది చూడండి, అది తప్పు. రెండూ ఒకే ముత్తాతకి మునిమనవళ్లు, అంతే. ఒకడు తూర్పుకొచ్చాడు, ఒకడు బాల్టిక్ అడవుల్లో ఉండిపోయాడు. ఎవరూ ఎవరికీ తండ్రి కాదు. ఫార్వర్డ్ చేసేముందు ఒక్కసారి ఆలోచించండి బాబూ.

ఇప్పుడు చివరి వాటా. ఎస్టోనియన్‌కి ఈ కుటుంబంతో సంబంధమే లేదు. దాని చుట్టాలు ఫిన్నిష్, కాస్త దూరంగా హంగేరియన్. మా ఏలూరు ఇంట్లో తమిళం మన తెలుగుకి చుట్టమైనా అవుతుంది, ఇది ఆ మాత్రం కూడా కాదు, గోడ అవతలే ఉన్నా వేరే వంశం. తమాషా ఏంటంటే, ఆ భాష నడక మనకి కొత్తగా అనిపించదు. మనలాగే మాట చివర తగిలిస్తూ పోతారు. మయ అంటే ఇల్లు. మయస్, ఇంట్లో. మయస్త్, ఇంట్లోంచి. ఇలాంటి విభక్తులు 14 ఉన్నాయి. ఆడా మగా తేడా లేకుండా అందరికీ ఒకే సర్వనామం. మన తెలుగుకీ దానికీ చుట్టరికం లేదు, పోలిక మాత్రం ఉంది. ఇంకోమాట, వాళ్ల మయకీ మన మయసభకీ ఏ సంబంధమూ లేదు. ఇది కూడా వాట్సాప్‌లో పెట్టకండి!

భాష ప్రకారం లెక్క తేలింది కదా. మొదటి రెండు వాటాలు ఒక జట్టు, చివరిది వేరు. ఇక్కడితో ఆగితే సులువే. కానీ ఇంటిని ఎవరు కట్టారో చూస్తే ఈ లెక్క తిరగబడుతుంది. నాకు ఈ టూర్‌లో అన్నిటికంటే నచ్చింది ఇదే.

[రీగా, టాలిన్ గోపురాలు]

రీగాని 1201లో కట్టించింది జర్మనీ నుంచి వచ్చిన బిషప్ ఆల్బర్ట్. టాలిన్ కోటని 1219లో పట్టుకున్నది డెన్మార్క్ రాజు రెండో వాల్డెమార్. టాలిన్ అనే పేరుకే "డేనుల ఊరు" అని అర్థం చెప్తారు. శిలువ పేరు చెప్పి కత్తి పట్టుకొచ్చినవాళ్లు వీళ్లు. వాళ్ల వెనకే జర్మన్ వర్తకులు దిగారు. 1280లలో రెండు ఊళ్లూ హన్సా వర్తక సంఘంలో చేరాయి. ఉప్పు, బట్టలు పడమటి నుంచి, మైనం, బొచ్చు తోళ్లు తూర్పు నుంచి. టాలిన్ పాత వీధుల్లో తలెత్తి చూస్తే ఇళ్ల నెత్తిన ఒక దూలం బయటికి పొడుచుకొచ్చి ఉంటుంది. సరుకు మూటలు తాడుతో అటక మీదికి లాగడానికి. కింద కాపురం, పైన గోడౌన్! వందల ఏళ్లపాటు ఈ రెండు ఊళ్లలో పెత్తనం జర్మన్ మాట్లాడేవాళ్లదే. లాత్వియన్లు, ఎస్టోనియన్లు తమ గడ్డ మీద తామే పాలేర్లు.

మరి విల్నియస్? దాన్ని స్థానిక రాజులే కట్టుకున్నారు. 1323లో గెదిమినాస్ అనే గ్రాండ్ డ్యూక్ జర్మన్ పట్టణాలకి లాటిన్‌లో ఉత్తరాలు రాయించాడు. వర్తకులు రండి, కమ్మర్లు రండి, వైద్యులు రండి, మా ఊళ్లో ఉండండి అని. ఊరి పేరు కాగితం మీద మొదటిసారి కనిపించేది ఆ ఉత్తరాల్లోనే. అప్పటికి ఆయన క్రైస్తవుడు కూడా కాదు. లిథువేనియా అధికారికంగా క్రైస్తవం తీసుకున్నది 1387లో, యూరప్‌లో అందరికంటే ఆఖరున. అదీ పోలండ్ రాణిని పెళ్లాడి అక్కడ రాజైన లిథువేనియా పాలకుడు యొగైలా వల్ల. దాంతో వాళ్లు పోలండ్‌తో కలిసి కేథలిక్‌లయ్యారు. రీగా, టాలిన్ 1520లలో కేథలిక్ చర్చిని ఎదిరించిన మార్టిన్ లూథర్ వైపు, అంటే ప్రొటెస్టెంట్ల వైపు వెళ్లాయి.

ఊళ్లో నడిస్తే ఈ తేడా కళ్లకే తెలుస్తుంది. రీగా, టాలిన్‌లలో చర్చి అంటే సూదిలాంటి శిఖరం, లోపల ఖాళీ తెల్ల గోడలు. విల్నియస్‌లో సెయింట్ పీటర్, సెయింట్ పాల్ చర్చిలోకి అడుగుపెట్టి తలెత్తితే సున్నపు శిల్పాలు రెండు వేలకు పైనే. మన గోపురాలకి అలవాటుపడ్డ కళ్లకి హాయిగా ఉంటుంది. టాలిన్ చర్చిలు చూసి మా గుంపులో ఒకరు "ఇదేంటి, ఇంకా పూర్తి చెయ్యలేదా?" అన్నారు. నవ్వాను గానీ, నాకూ అలాగే అనిపించింది.

ఇప్పుడు మధ్య వాటా చూడండి. రీగాలోని లాత్వియన్ల మాట మొదటి వాటాది, కాపురం చివరి వాటాది. భాషలో లిథువేనియా చెల్లెలు, చరిత్రలో ఎస్టోనియాకి తోడు. మా టీచర్‌గారు తెలుగువాళ్లే అయినా వాళ్లావిడ సాంబారు తమిళ అత్తయ్యగారి దగ్గరే నేర్చుకుంది, వాళ్ల వంటిల్లు అటువైపే వాసన వచ్చేది. చిన్నాన్నకి ఈ ముక్క చెప్పాలనే ఇంత దూరం వచ్చాను. మూడూ ఒకటి కాదు సరే, రెండు ప్లస్ ఒకటి అని కూడా విడగొట్టలేం. ఎటు గీత గీసినా మధ్య వాటా గీతకి రెండు పక్కలా ఉంటుంది. అందుకే ఒక్క ఊరే చూడగలం అనేవాళ్లకి నేను రీగా చెప్తాను. చాలామంది టాలిన్ అంటారు, ఫొటోలు బాగుంటాయని.

[కాసేపు మౌనం. విల్నియస్ వీధి]

ఒక చోట మాత్రం నా ఇంటి పోలిక పక్కన పెడతాను. విల్నియస్‌ని ఉత్తరాది జెరూసలేం అనేవారు. అంతటి యూదుల పట్టణం. అక్కడి గ్రేట్ సినగాగ్, అంటే యూదుల పెద్ద ప్రార్థనా మందిరం, యుద్ధంలో దెబ్బతింది, మిగిలిన గోడల్ని 1950లలో సోవియట్ ప్రభుత్వం కూల్చేసి ఆ స్థలంలో పిల్లల బడి కట్టింది. ఊరి బయట పనేరియై అడవిలో 1941 నుంచి 1944 వరకు నాజీలు, వాళ్లకి తోడ్పడ్డ స్థానికులు కలిసి దాదాపు 70,000 మంది యూదుల్ని చంపారు. మా గైడ్ సినగాగ్ ఉన్న చోట నిలబెట్టి ఐదు నిమిషాలు మెల్లగా మాట్లాడింది. చుట్టూ పద్నాలుగు మందిమే కాబట్టి వినగలిగాం. నలభై మంది గుంపు, చెవుల్లో రేడియో పెట్టుకుని, జెండా వెనకాల మా పక్కనుంచే వెళ్లిపోయింది. అక్కడ చూడటానికి ఏమీ లేదు కదా, ఎందుకు ఆగుతారు?

చిన్న గుంపు టూర్ ఎందుకు అని అడిగేవాళ్లకి ఇదే నా జవాబు. ధర ఎక్కువే, కాదనను.

సరే, మరి అందరికీ ఒకటే అని ఎందుకు అనిపిస్తుంది? ఓనరు వేయించిన సున్నం! 1940లో సోవియట్ యూనియన్ మూడింటినీ ఒకేసారి కలిపేసుకుంది. మధ్యలో మూడేళ్లు నాజీలు, మళ్లీ 1991 దాకా సోవియట్లే. మూడు వాటాలకీ ఒకే రంగు, ఒకే రకం అపార్ట్‌మెంట్లు, ఒకే తాళం. చిన్నాన్న చూసిన పాత అట్లాసులో అంతా ఒకే ఎరుపు.

ఆ తాళం కథ 1939 ఆగస్టు 23న మొదలైంది. హిట్లర్, స్టాలిన్‌ల తరఫున విదేశాంగ మంత్రులు సంతకాలు చేసి, ఈ ఇంటిని రహస్యంగా పంచేసుకున్నారు. సరిగ్గా 50 ఏళ్లకి, 1989 ఆగస్టు 23 సాయంత్రం, విల్నియస్ నుంచి రీగా మీదుగా టాలిన్ దాకా జనం రోడ్డు మీదికొచ్చి చేతులు పట్టుకున్నారు. 600 కిలోమీటర్లకు పైగా, దాదాపు 20 లక్షల మంది. మూడు దేశాల జనాభా అంతా కలిపితేనే అప్పుడు 80 లక్షలు! మా మినీబస్సు గంటల తరబడి పోయిన రోడ్డు పొడవునా మనుషులే నిలబడ్డారని ఊహించుకోండి. స్వేచ్ఛ అనే మాట ఒక్కొక్కరూ తమ భాషలో పలికారు. లిథువేనియన్లు "లైస్వే", లాత్వియన్లు "బ్రీవీబా", ఎస్టోనియన్లు "వబదుస్". మూడు మాటలూ వినడానికి ఎంత వేరుగా ఉన్నాయో చూడండి.

[స్క్రీన్ మూల గడియారం]

అయ్యో, పదకొండు నిమిషాలైపోయింది. ఎడిటర్ వాచీ చూపిస్తున్నాడు. ఇప్పటిదాకా టాలిన్ సరిగ్గా మొదలే పెట్టలేదు. టూర్లవాళ్లని తిడతాను గానీ, వాళ్లూ ఇదే చేస్తారు. విల్నియస్‌లో మూడు రాత్రులు, టాలిన్‌లో ఒకటిన్నర రోజు! కాబట్టి గబగబా.

టాలిన్‌లో పై ఊరు, కింది ఊరు. పైన దొరలు, కింద వర్తకులు. 19వ శతాబ్దం దాకా పాలన కూడా విడివిడిగానే. రెంటినీ కలిపే వీధుల పేర్లు పొడుగు కాలు, పొట్టి కాలు. అందుకే మా ఊరు కుంటుతుందని వాళ్ల జోకు. పైన ఒక బురుజు ఉంది, పేరు కీక్ ఇన్ డె కోక్. అంటే "వంటింట్లోకి తొంగిచూడు". పైనున్న సైనికులకి కింది ఇళ్ల వంటిళ్లు కనపడేవట. మా చివరి వాటా అత్తయ్యగారి కిటికీ గుర్తొచ్చి ఒక్కణ్ణే నవ్వుకున్నాను. టౌన్‌హాల్ చౌకులో మందుల షాపు 1422 కాగితాల్లోనే కనిపిస్తుంది, ఇప్పటికీ తలనొప్పి మాత్ర అమ్ముతారు.

రీగాలో సెంట్రల్ మార్కెట్ వదలకండి, జర్మన్ల జెప్పెలిన్ అనే గాలి ఓడల షెడ్ల చట్రాలతో కట్టిన ఐదు పెద్ద హాళ్లు. ఆల్బర్ట్ వీధి కూడా, మొహాలూ సింహాలూ నిండిన మేడలు. విల్నియస్ నుంచి రీగాకి వెళ్లేదారిలో శిలువల గుట్ట ఉంది, సోవియట్ వాళ్లు బుల్డోజర్లు పెట్టి తోసేసినకొద్దీ జనం రాత్రికి రాత్రి మళ్లీ పాతారు.

బుక్ చేసేముందు రెండే అడగండి. ఏ ఊళ్లో ఎన్ని రాత్రులు? ప్రతి ఊళ్లో అక్కడి గైడేనా, లేక ఒక్కడే మూడూ చెప్తాడా? ఒక్కడే అయితే వద్దు. పక్క వాటా కథ మొదటి వాటావాడు చెప్తే ఎలా ఉంటుందో మీకు తెలుసు. చెప్పులు మెత్తటి అడుగువి వేసుకోండి, అంతటా గుండ్రాళ్ల వీధులే, మా పెద్దాయన మోకాళ్లు రెండో రోజుకి పట్టేశాయి అందుకే.

చివరిగా వాటాల మధ్య తగవు ఒకటి. రీగా టౌన్‌హాల్ చౌకులో నేలమీద ఒక ఫలకం ఉంది, లోకంలో మొట్టమొదటి అలంకరించిన క్రిస్మస్ చెట్టు 1510లో ఇక్కడే పెట్టారని. టాలిన్‌కి వెళ్తే అక్కడి గైడ్ చెయ్యి ఊపేసి, మేం 1441లోనే పెట్టాం అంటుంది. రెండు కథల్లోనూ పెట్టినవాళ్లు ఒకే పేరున్న వర్తకుల సంఘం, బ్లాక్‌హెడ్స్. రీగా గైడ్‌ని ఫోన్‌లో ఈ సంగతి అడిగితే, "వాళ్లది చెట్టే, అలంకరించలేదు" అంది. టాలిన్ గైడ్‌కి ఆ మాట చేరవేశాను. ఆవిడ నాతో ఆ పూటంతా మాట్లాడలేదు.