కాలణా మీద మకారం

వ్యాఖ్యాత: నమస్కారం. ఈసారి కావలి వచ్చాం. నాకు పదో తరగతిలో సాంఘిక శాస్త్రం చెప్పిన మాస్టారి ఇంటి వసారాలో కూర్చున్నాం. ముందు పీట మీద నాలుగు రాగి నాణేలు, ఒక భూతద్దం ఉన్నాయి. మాస్టారూ, మొదలుపెడదామా?

మాస్టారు: పెడదాం. ముందు ఆ కాఫీ గ్లాసు అవతల పెట్టమ్మా.

వ్యాఖ్యాత: పెట్టాను. ఇది ఈస్టిండియా కంపెనీ కాలణా, 1835. ఆకుల దండ మధ్యలో ఎవరో ‘మ’ అని గుద్దారు, కింద 12. దీన్ని ఏమంటారు?

మాస్టారు: సేకరించేవాళ్లు కౌంటర్‌స్టాంప్ అంటారు. నేను పైముద్ర అంటాను. టంకశాల దాటి బయటికొచ్చిన నాణెం మీద ఇంకెవరో తమ అవసరానికి కొట్టుకున్న గుర్తు. ఇదేమీ కొత్త అలవాటు కాదు. 1906లో నాసిక్ జిల్లా జోగల్‌తంబిలో ఒక నిధి దొరికింది. పదమూడు వేలకు పైగా వెండి నాణేలు, అన్నీ శకరాజు నహపాణుడివి. వాటిలో తొమ్మిది వేలకు పైగా నాణేల మీద గౌతమీపుత్ర శాతకర్ణి తన ముద్ర కొట్టించాడు. ఓడిన రాజు ముఖం మీద గెలిచిన రాజు సంతకం అనుకో.

వ్యాఖ్యాత: అది రాజముద్ర. మరి ఈ ‘మ’ ఎవరిది?

మాస్టారు: అక్కడే నేను పరువు పోగొట్టుకున్నాను. ఇది నెల్లూరు చిన్నబజారులో పాత ఇత్తడి కొనే కొట్లో దొరికింది. ఇంటికి వచ్చేలోపే కథ అల్లేశాను. ‘మ’ అంటే మైపాడు, 12 అంటే బకింగ్‌హామ్ కాలువలో తిరిగే పడవ నంబరు, ఇది పడవ వాళ్ల టోకెను! క్లాసులో పిల్లలకు కూడా చెప్పాను. నువ్వు ఆ బ్యాచ్ కాదు, బతికిపోయావు.

వ్యాఖ్యాత: (నవ్వు) వినడానికి బాగానే ఉంది కదా!

మాస్టారు: బాగుండటమే దాని రోగం. ఏడాది తర్వాత అదే కొట్లో ఈ రెండోది దొరికింది, చూడు. దీని మీద ‘శ్రీ’, ‘ర’, తలకిందులుగా ‘మ’, సగం పడిన ఇంకో ‘శ్రీ’. ఒకదాని మీద ఒకటి. గిన్నెల మీద పేర్లు కొట్టే ఒక పెద్దాయనకు చూపించాను. ఆయన నవ్వి, “కొత్త అచ్చు చేసుకుంటే చేతికందిన రాగి ముక్క మీద పడుతుందో లేదో చూసుకుంటాం కదండీ” అన్నాడు. నా మైపాడు పడవ అక్కడే మునిగింది.

వ్యాఖ్యాత: అంటే మొదటిది కూడా అలాంటి పరీక్షేనా?

మాస్టారు: అప్పుడు అలాగే అనుకున్నాను. తర్వాత ఒంగోలులో ఈ రెండూ దొరికాయి. భూతద్దం తీసుకో. మొదటి నాణెం మీది ‘మ’కు కుడివైపు కొమ్ము చూడు, ఏం కనిపిస్తోంది?

వ్యాఖ్యాత: కొమ్ము మీద... వెంట్రుకంత చీలిక ఉంది.

మాస్టారు: మిగతా రెండింటి మీదా చూడు.

వ్యాఖ్యాత: అదే చోట అదే చీలిక! ‘శ్రీ’ ఉన్న నాణెం మీద ‘మ’కు మాత్రం లేదు.

మాస్టారు: అదీ సంగతి. పగిలిన ఇనుప అచ్చు ఒకటే, మూడు నాణేల మీద పడింది. మూడింటి మీదా 12 ఉంది, మూడూ ముద్ర నిటారుగా, నడిమధ్యలో పడినవే. పరీక్షించి చూసుకునేవాడు అంత శ్రద్ధ పెట్టడు. ఎవరో లెక్క కోసం చేసుకున్నారు. టోకెను కావచ్చు అనే మాట నేను వాడేది ఇక్కడి నుంచే, ఒక్క నాణెం చూసి కాదు.

వ్యాఖ్యాత: నాణేన్ని టోకెనుగా వాడటం ఇంకెక్కడైనా ఉందా?

మాస్టారు: స్కాట్లండ్ నూలు మిల్లుల్లో స్పష్టంగా ఉంది. 1800 ప్రాంతంలో అక్కడ చిల్లర కరువు. స్పెయిన్ రాజు తల ఉన్న వెండి నాణేలు, స్పానిష్ డాలర్లంటారు, వాటి మీద మిల్లు పేరు, విలువ కొట్టి చలామణీ చేశారు. డీన్‌స్టన్, రోత్‌సే మిల్లులవి ఇప్పటికీ దొరుకుతాయి, ధర మాత్రం మన పింఛనుకు అందదు. అంతకుముందు 1797లో బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండే ఆ డాలర్ల మీద మూడో జార్జి తలను చిన్నగా కొట్టించి నాలుగు షిల్లింగుల తొమ్మిది పెన్నీలకు చెల్లించింది. స్పెయిన్ రాజు మెడ మీద ఇంగ్లండు రాజు తల! గాడిద మెడ మీద మూర్ఖుడి తల అని జనం పాట కట్టారు. దొంగముద్రలు వచ్చిపడ్డాయి. చివరకు 1804లో బర్మింగ్‌హామ్ దగ్గరి సోహో టంకశాలలో నాణెం మొత్తాన్నీ తిరిగి అచ్చు వేయించారు. మన మద్రాసు ప్రెసిడెన్సీకి 1803 రాగి కాసులు వేసిందీ ఆ సోహోనే.

వ్యాఖ్యాత: పేరు కొట్టి ఉంటే టోకెనే అనుకోవచ్చా?

మాస్టారు: లేదు తల్లీ. అమెరికాలో బాల్టిమోర్ మందుల వ్యాపారి ఒకాయన అర డాలర్ల మీద ‘హౌక్స్ పనాసియా’ అని కొట్టాడు. అది ప్రకటన. ఇంగ్లండులో పెన్నీల మీద ‘ఆడవాళ్లకు ఓటు’ అని గుద్దారు. అది ఉద్యమం. మన షరాబులు, అంటే డబ్బు మార్చే వ్యాపారులు, వెండి మంచిదో కాదో చూడటానికి రూపాయి మీద గాటు పెట్టేవారు. అది పరీక్ష. పైకి అన్నీ దెబ్బలే, కొట్టిన ఉద్దేశం వేరు.

వ్యాఖ్యాత: ఈ ముద్ర నిన్న మొన్న కొట్టింది కాదని ఎలా నమ్మాలి?

మాస్టారు: గుంట లోపల రంగు చూడు. నాణెం ఎంత నల్లబడిందో, అక్షరం అడుగూ అంతే నల్లబడింది. కొత్తగా కొడితే అడుగున రాగి ఎర్రగా మెరుస్తుంది. అందుకే చింతపండు పెట్టి తోమవద్దని మొత్తుకుంటాను. తోమితే పాతదీ కొత్తదీ ఒకే రంగులోకి వస్తాయి. ఉన్న ఒక్క సాక్ష్యమూ కాలువలో కలుస్తుంది.

వ్యాఖ్యాత: మా అమ్మమ్మ నాణేలన్నీ నేనే తోమాను మాస్టారూ, దీపావళికి.

మాస్టారు: వినకుండా ఉండాల్సింది. సరే, కాలం సంగతి చెబుతాను. మూడింటిలో రెండు 1835వి. మూడోది విక్టోరియా రాణిది, 1862. నాణెమే 1862ది కాబట్టి, ఈ మూడో ముద్ర అంతకన్నా ముందు పడే వీలే లేదు. అచ్చు అప్పటికే పగిలి ఉంది, అంత మటుకే చెప్పగలను.

వ్యాఖ్యాత: ఒంగోలులో అమ్మినతను ఏమీ చెప్పలేదా?

మాస్టారు: చెప్పాడు. సైదాపురం వైపు ఒక ఇంటి పాత పెట్టెలో దొరికాయన్నాడు. ఆ చుట్టుపక్కల, గూడూరు వైపు అభ్రకం, అదే మైకా, గనులున్నాయి. వెంటనే మనసులో గంట మోగింది, ‘మ’ అంటే మైకా, 12 అంటే కూలీల ముఠా నంబరు! రెండు నిమిషాలు ఆనందంగానే ఉన్నాను. తర్వాత, ‘మ’ అంటే మామిడికాయ కూడా కావచ్చు కదా అని నన్ను నేనే తిట్టుకున్నాను.

వ్యాఖ్యాత: మరి ఈ కవరు మీద ఏం రాశారు? చదవనా?

మాస్టారు: చదువు.

వ్యాఖ్యాత: “మ, 12. మూడు నాణేలు, ఒకే అచ్చు, కొమ్ము మీద చీలిక. ఒకటి చిన్నబజారు, రెండు ఒంగోలు. సైదాపురం, అమ్మినవాడి మాట. టోకెను” అని రాసి పక్కన పెద్ద ప్రశ్నార్థకం పెట్టారు. అంతా పెన్సిలుతో ఎందుకు రాశారు?

మాస్టారు: మైపాడు అని పెన్నుతో రాసుకున్న కవరు చింపేయాల్సి వచ్చింది కదమ్మా. ఇక ఆ నాణెం ఇటు ఇవ్వు, బొటనవేలితో రుద్దుతున్నావు.