మగవాళ్ల కార్సెట్లు, మధ్యలో స్టీలు గొడవ

శ్రావణి: రికార్డవుతోందా? సరే. ఈ వారం మగవాళ్ల కార్సెట్లు, అంటే తాళ్లతో నడుము బిగించే బట్టలు. మీరందరూ అడుగుతున్నదే.

కిరణ్: ముందు ఒక్క మాట, అక్కా.

శ్రావణి: స్టీలు గురించైతే వద్దు.

కిరణ్: దాని గురించే, కార్సెట్ లోపల నిలువుగా పెట్టే స్టీలు పుల్లల గురించే. మొన్న పెళ్లిలో ఒక అమ్మాయి కార్సెట్ బ్లౌజు వేసుకుంది. లోపలన్నీ ప్లాస్టిక్ బద్దలు. కాసేపు కూర్చునేసరికి నడుము దగ్గర వంగిపోయాయి. ఒంటి వేడికి ఆ వంపు అలాగే ఉండిపోతుంది, పక్కటెముకల కింద గుచ్చుతుంది. పాపం, భోజనం కూడా సరిగా చేయలేదు.

శ్రావణి: బ్లౌజుకి అంత స్టీలెందుకురా? అది నడుము బిగించేది కాదు.

కిరణ్: వెనక తాళ్లు పెట్టి లాగారు కదా! లాగాక బిగించేదే. చుట్టల స్టీలు అన్ని వైపులా వంగి మళ్లీ నిటారుగా వస్తుంది. పక్క వంపుల్లో అది ఉండాలి. తాళ్ల పక్కన మాత్రం బద్ద స్టీలు.

శ్రావణి: నేనొప్పుకోను. ముందు గుడ్డ. కూటిల్ లాంటి సాగని నేత లేకపోతే నీ స్టీలు గుడ్డని చీల్చుకుని బయటికొస్తుంది. నడుము దగ్గర లోపల గట్టి టేపు వేయకపోతే కుట్లే విడిపోతాయి.

కిరణ్: గుడ్డ సరే, కానీ...

శ్రావణి: కానీ లేదు. పాత కార్సెట్లలో తిమింగలం నోట్లోని బలీన్ వాడేవాళ్లు, స్టీలు లేకుండానే నిలిచాయి. 1820ల్లో తాళ్ల కన్నాలకి లోహపు రింగులు వచ్చాకే గుడ్డ చిరగకుండా గట్టిగా లాగడం కుదిరింది. అంటే అసలు సమస్య గుడ్డే.

కిరణ్: ...ఆ రింగుల మాట నిజమే.

శ్రావణి: మగవాళ్ల దగ్గరికి రా. ఇంగ్లండ్ రాజు నాలుగో జార్జ్ కార్సెట్ వేసుకునేవాడు. అప్పటి షోకిలాలూ అంతే. బ్రిటిష్ ఫ్యాషన్ డిజైనర్ వివియన్ వెస్ట్‌వుడ్ 1987లో కార్సెట్‌ని పైన వేసుకునే బట్టగా ర్యాంప్ మీదికి తెచ్చింది. మ్యూగ్లర్ లాంటి డిజైనర్లకి కార్సెట్లు కుట్టిన మిస్టర్ పెర్ల్ తనూ వేసుకుంటాడు.

కిరణ్: ఆయన స్టీలు ఎలా పెడతాడో...

శ్రావణి: కిరణ్. ఒక అబ్బాయి మెసేజ్ పెట్టాడు. గోత్ బట్టలంటే, అదే ఆ నల్లటి స్టైల్ బట్టలంటే ఇష్టమట. మగవాడికి కార్సెట్ అనగానే టైలర్ కొలతలు తీయడానికి కూడా ఒప్పుకోలేదట. షాపులో అందరి ముందూ నవ్వారట.

కిరణ్: ఇది అన్యాయం. కోపమొస్తోంది నాకు.

శ్రావణి: నాకూ. ఆడవాళ్ల సైజు రెడీమేడ్ కొనుక్కోమన్నారట. అది తుంటి దగ్గర వదులుగా వేలాడుతుంది, పక్కటెముకల దగ్గర పట్టేస్తుంది.

కిరణ్: తమ్ముడూ, కొలతలు నువ్వే తీసుకో. పక్కటెముకల కింద, నడుము, తుంటి ఎముక మీద చుట్టుకొలతలు. వాటి మధ్య నిలువు దూరాలు. ఆ తర్వాత కుర్చీలో కూర్చుని రొమ్ము కింద నుంచి ఒడి దాకా.

శ్రావణి: కూర్చునే ఎందుకో చెప్పు.

కిరణ్: నిలబడి కొలిస్తే పొడవు ఎక్కువవుతుంది, కూర్చున్నప్పుడు కింది అంచు తొడలకి తగిలి మొత్తం పైకి లేస్తుంది. ముందు మామూలు కాటన్‌తో ఒకటి కుట్టించి, వేసుకుని చూసుకో. అదయ్యాకే ఖరీదైన గుడ్డ కోయించు.