టిక్కుమంటే ఆపెయ్యాలి నాన్నా

అందరికీ నమస్కారమండీ. డాలస్ నుంచి వచ్చి పది రోజులైంది, విజయవాడ పటమటలో అమ్మావాళ్ళింట్లో ఉన్నాను. ఇవాళ బీసెంట్ రోడ్డు చూపిస్తానని కిందటి వీడియోలో అన్నాను కదా, అది రేపు. ఇవాళ నాన్నని తీసుకుని ఆటోనగర్ వెళ్తున్నాం, నట్టు ఎంత బిగిసిందో చెప్పే టార్క్ రెంచ్ అనే పనిముట్టు కోసం. ఆదివారం జరిగింది చూశాక నాకు సరిగ్గా నిద్ర పట్టడం లేదు.

గుంటూరులో పిన్నివాళ్ళింటి నుంచి వస్తున్నాం. కాజ టోల్ గేటు దాటాక వెనక ఎడమ టైరు పంక్చరైంది. స్టెప్నీ ఉంది, జాకీ ఉంది, వీల్ స్పానర్ ఉంది. నట్లు మాత్రం కదల్లేదు. నాన్నకి అరవై ఎనిమిదేళ్ళు. ఆ వయసులో హైవే పక్కన స్పానర్ మీద కాలేసి, మనిషంతా బరువు మోపి నిలబడ్డారు. అయినా ఊడలేదు. చివరికి లారీ ఆపుకున్న ఒక క్లీనర్ తమ్ముడు వచ్చి, స్పానర్‌కి ఇనప పైపు తొడిగి తిప్పాడు. మూడు వచ్చాయి. నాలుగోది టక్కుమని విరిగి, నట్టుతో సహా స్టడ్డు ముక్క, అంటే నట్టు ఎక్కే బోల్టు ముక్క, స్పానర్‌లోకి వచ్చేసింది. మూడు నట్ల మీద, నలభై దాటకుండా, వారధి మీంచి ఇంటికి చేరాం. దార్లో ఎవరం మాట్లాడలేదు.

ఇదిగో ఆ ముక్క, కెమెరాకి దగ్గరగా పెడుతున్నాను చూడండి. ఈ చివర మరలు దగ్గర దగ్గరగా ఉన్నాయి. విరిగిన చోటికి వచ్చేసరికి ఎడం ఎడంగా ఉన్నాయి, అక్కడ ఇనుము నడుము సన్నబడింది. అంటే ఇది ఆదివారం పాడవలేదండీ. రెండు వారాల కిందట కొత్త టైర్లు వేయించినప్పుడు గాలి గన్నుతో ట్ర్‌ర్‌ర్ అని బిగించారు, అప్పుడే సాగిపోయింది. షాపు పేరు చెప్పను, ఇది ఒక్క షాపు అలవాటు కాదు. ఎంత గట్టిగా బిగిస్తే అంత క్షేమం అనుకుంటాం మనందరం. నాన్నా అలాగే అనుకునేవారు.

బోల్టంటే లోపల ఒక స్ప్రింగు లాంటిదే. కొంచెం సాగి, మళ్ళీ వెనక్కి లాగుతూ ఉంటుంది కాబట్టే చక్రాన్ని పట్టుకుంటుంది. మరీ సాగదీస్తే ఆ లాగే గుణం పోతుంది. నాలుగు నట్లు నాలుగు రకాలుగా బిగిస్తే డిస్కు కూడా వంకరపోయి, బ్రేకు వేసినప్పుడు స్టీరింగ్ వణుకుతుంది. నాన్న కారు మాన్యువల్లో చక్రం నట్టుకి 100 న్యూటన్ మీటర్లు అని రాసుంది, నట్టుని తిప్పే బలానికి కొలత అది. నాన్న బరువు డెబ్భై కిలోలు, ఆ స్పానర్ పొడవు ముప్ఫై సెంటీమీటర్లు. కిలోకి సుమారు పది న్యూటన్లు అనుకుని, పొడవుని మీటర్లలో పెట్టి గుణిస్తే, ఆయన ఎక్కి నిలబడితే దాదాపు 200 పడినట్టు. దానికీ కదల్లేదంటే ఎంత బిగించారో మీరే చూడండి.

ఆటోనగర్‌లో స్టడ్డు మార్చిన బాబాయ్ నా చిన్నప్పటి నుంచి మా బళ్ళు చూస్తున్నారు. "చెయ్యే చెబుతుందమ్మా ఎంత బిగించాలో" అన్నారు. ఆయన చేతికి తెలుసు, నేను కాదనను. నాన్న చేతికి తెలియదు, నా చేతికీ తెలియదు. అందుకే టార్క్ రెంచ్ కొనాలని పట్టుబట్టాను. ఈ పనిముట్టు పుట్టిందే ఇలాంటి బాధలోంచి. 1918లో న్యూయార్క్ నీటి సరఫరా విభాగంలో పనిచేసిన కాన్రాడ్ బార్, పైపుల బోల్టులు అతిగా బిగించి విరగ్గొడుతున్నారని దీన్ని తయారుచేశారట.

నా రెంచ్ డాలస్ నుంచి ఎందుకు తేలేదని అమ్మ అడిగింది. దాని మీద పెద్ద అంకెలు ఫుట్ పౌండ్లలో, అంటే అమెరికా కొలతలో ఉంటాయి. అక్కడ నా కారుకి 76, అంటే 103 న్యూటన్ మీటర్లు. నాన్న ఆ పెద్ద అంకెల్లో 100 చూసి పెట్టారంటే 136 న్యూటన్ మీటర్లు పడుతుంది. బాబాయ్ లెక్క మళ్ళీ కేజీల్లో, "పది కేజీలు" అంటారు, అంటే మీటరు పొడవు స్పానర్ కొసన పది కేజీల బరువన్నమాట. అది మన 98, దగ్గర దగ్గర సరిపోయింది. అందుకే న్యూటన్ మీటర్ల గీతలు కొట్టొచ్చినట్టు కనిపించేదే ఇక్కడ కొన్నాం. సాకెట్ తగిలించే చదరం అరంగుళం, కొలత 28 నుంచి 210 న్యూటన్ మీటర్ల వరకు. మనకి కావలసిన అంకె మధ్యలో పడేటట్టు చూసుకోండి, కొసల్లో అంత నమ్మకంగా ఉండదు. ఏడాదికోసారి వాడేవాళ్ళకి ముల్లు కదిలే రకం ఇంకా మేలు. పనయ్యాక వదులు చెయ్యాల్సిన స్ప్రింగు గొడవే దాంట్లో లేదు, ముల్లు సున్నా మీద ఉందో లేదో చూసుకుంటే చాలు. కానీ చీకట్లో రోడ్డు పక్కన నాన్నకి ముల్లు కనబడదు. మేం కొన్న రకంలో అయితే, మనం పెట్టిన అంకె రాగానే టిక్కుమంటుంది, అది చేతికి తెలుస్తుంది, పక్కన లారీలు పోతున్నా సరే.

కొత్తదాన్ని గుడ్డిగా నమ్మడం నాకిష్టం లేదు. కారు డిక్కీలో అమ్మ కొన్న పాతిక కిలోల బియ్యం బస్తా ఉంది. బాబాయ్ బెంచి వైస్‌లో రెంచ్ చదరం బిగించి, పిడి అడ్డంగా పెట్టి, చదరం మధ్య నుంచి టేపుతో 40 సెంటీమీటర్లు కొలిచి, అక్కడ బస్తాని తాడుతో వేలాడదీశాం. లెక్క 98, రెంచ్ సొంత బరువు ఇంకో రెండు మూడు. 95 మీద పెట్టి బస్తాని మెల్లగా వదిలితే టిక్కుమంది. 110కి పెడితే అనలేదు. చుట్టుపక్కల షాపుల వాళ్ళంతా చేరారు! ఇది ఇంటి పరీక్షే. అసలు పరీక్ష ఎన్‌ఏబీఎల్ (ల్యాబులకి గుర్తింపునిచ్చే సంస్థ) గుర్తింపున్న ల్యాబులో. టార్క్ రెంచ్‌ల అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 6789 ప్రకారం ఏడాదికోసారి, లేదా 5000 టిక్కులకి, ఏది ముందొస్తే అది. ఈ సైజువి అటూ ఇటూ 4 శాతం లోపల ఉండాలి.

ఇక బిగించడం. చక్రం గాల్లో ఉండగా నట్లన్నీ చేత్తో ఎక్కించాలి. బాబాయ్ మరలకి చుక్క నూనె వేయబోతే ఆపాను. మనం పెట్టే బలంలో నూటికి సుమారు తొంభై వంతులు రాపిడికే పోతుంది, బోల్టుని సాగదీసేది పది వంతులే. నూనె ఆ రాపిడిని తగ్గిస్తే అదే 100కి బోల్టు ఇంకా ఎక్కువ సాగుతుంది. మాన్యువల్ నూనె వెయ్యమంటే తప్ప పొడిగానే. జాకీ దించి, టైరు నేలకి ఆనాక ఎదురెదురు నట్లు, ముందు 50కి, తర్వాత 100కి. పిడి మధ్యలో పట్టుకుని, కుదుపు లేకుండా లాగాలి. పైపు తొడగకూడదు.

నాన్న లాగారు. టిక్. అలవాటు కొద్దీ ఇంకోసారి లాగారు. టిక్. మూడోసారికి చెయ్యి పట్టుకున్నాను. "టిక్కుమంటే ఆపెయ్యాలి నాన్నా, ప్రతిసారీ ఇంకొంచెం ఎక్కుతుంది."

"ఇంతేనా? ఇంత తేలిగ్గానా?"

"పాతిక కిలోల బస్తా బరువంత. అంతే."

ఆ నట్టు వదులు చేసి మళ్ళీ బిగించారు. వదులు చేసింది మామూలు స్పానర్‌తో. టార్క్ రెంచ్‌తో నట్టు ఊడదీయకూడదు. పనయ్యాక పిడి తిప్పి 28కి తేవాలి, లేకపోతే లోపలి స్ప్రింగు అలా నలిగే ఉంటుంది. 28 కన్నా కిందికి మాత్రం తిప్పొద్దు. పనిముట్లన్నీ కిరసనాయిల్లో కడిగే అలవాటు మన మెకానిక్‌లకి ఉంది, దీన్ని కడిగితే లోపలి గ్రీజు పోతుంది. పొడి గుడ్డతో తుడిచి పెట్టెలో పెట్టండి. చాలా రోజులకి తీస్తే ముందు తక్కువ అంకె మీద నాలుగైదుసార్లు టిక్కుమనిపించండి.

వంద కిలోమీటర్లు తిరిగాక మళ్ళీ ఒకసారి చూడాలి. పిన్నివాళ్ళింటికి ఇంకో రెండు ట్రిప్పులు తిరిగి, తర్వాత ఒక రోజు పొద్దున అపార్ట్‌మెంట్ సెల్లార్లో చూశాం. నాలుగు చక్రాలు, పదహారు నట్లు, ఒక్కటీ కదల్లేదు, టిక్కు మాత్రం వినబడింది. నాన్న పిడి తిప్పి 28కి తెచ్చి, నాకు చూపించి, పెట్టె మూశారు.