ముప్పై రెండు అన్న లెక్క

అందరికీ నమస్కారం. మనవాళ్ళకు కోపం వస్తే ముందు గుర్తొచ్చేవి అవతలివాడి పళ్ళే. "ముప్పై రెండూ రాలగొడతాను" అంటాం. తీరా లెక్కపెడితే ఈ సభలోనే చాలామందికి ముప్పై రెండు ఉండవు. జ్ఞానదంతాలు అసలు పుట్టనివారు ఎందరో. అది జబ్బు కాదు, 28 ఉన్నా నిండు నోరే. పిల్లల పాల పళ్ళు 20.

జ్ఞానదంతాల తర్వాత ఎక్కువగా పుట్టకుండా పోయేవి రెండు: కింది వరుసలో కోరపన్ను వెనక ఉండే రెండో చిన్న దవడ పన్ను, పై వరుసలో నడిమి పళ్ళకు పక్కనుండే పన్ను. పదమూడేళ్ళ పిల్లను తీసుకొచ్చి, "ఈ పాల పన్ను ఊడి చావడం లేదు, పీకేయండి డాక్టర్ గారూ" అంటారు తల్లులు. ఎక్స్‌రే తీస్తే దాని కింద రావలసిన పన్నే ఉండదు. అప్పుడు ఆ పాల పన్నే ఆస్తి. వేళ్ళు కరిగిపోకుండా ఉంటే నలభై ఏళ్ళ దాకా నమిలిపెడుతుంది. తొందరపడి పీకించారో, ఆ ఖాళీని మీరే కొని తెచ్చుకున్నట్టు.

కారణం ఏమిటని అడిగితే ఇంట్లో మొదటి వేలు కోడలి వైపే చూపిస్తుంది. కడుపుతో ఉన్నప్పుడు సరిగా తినలేదనో, గ్రహణం నాడు బయట తిరిగిందనో అంటారు. ఈ మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. గర్భంలో ఆరో వారం నుంచే దవడలో పళ్ళ మొగ్గలు ఏర్పడటం మొదలవుతుంది. ఏ మొగ్గ ఎక్కడ లేవాలో చెప్పే జన్యువులు కొన్ని ఉన్నాయి. ఎమ్ఎస్ఎక్స్1, పాక్స్9, డబ్ల్యుఎన్‌టి10ఎ వంటివి. వాటిలో మార్పు వస్తే కొన్ని మొగ్గలు లేవవు. ఆ మార్పు నాన్న వైపు నుంచీ రావచ్చు. మనం గ్రహణం మొర్రి అని పిలిచే చీలిక ఉన్న పిల్లల్లో, ఆ చీలిక దగ్గర పన్ను లేకపోవడమో ఒకటి అదనంగా రావడమో తరచుగా చూస్తాం. దానికీ గ్రహణానికీ సంబంధం లేదు. పసితనంలోనే క్యాన్సర్‌కు కీమోథెరపీ, రేడియేషన్ తీసుకున్న పిల్లల్లోనూ కొన్ని పళ్ళు ఏర్పడవు.

ఇక్కడ ఒక పాత సంగతి చెప్పాలి. 1875లో చార్లెస్ డార్విన్ సింధ్ ప్రాంతపు హిందూ కుటుంబం ఒకదాని గురించి రాశాడు. నాలుగు తరాల్లో పదిమంది మగవాళ్ళకు రెండు దవడల్లోనూ కలిపి నాలుగు బలహీనమైన ముందు పళ్ళు, ఎనిమిది దవడ పళ్ళు మాత్రమే ఉన్నాయి. ఒంటిమీద వెంట్రుకలు తక్కువ, చిన్న వయసులోనే బట్టతల, ఎండాకాలంలో చర్మం ఎండిపోయి నానా అవస్థ. ఆ ఇంటి ఆడపిల్లలకు ఈ లక్షణం లేదు గానీ, వాళ్ళ కొడుకులకు వచ్చేది. దీనికి కారణమైన, ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉండే ఈడీఏ అనే జన్యువును గుర్తించింది 1996లో! అది దెబ్బతింటే పళ్ళతోపాటు జుట్టు, చెమట గ్రంథులు కూడా సరిగా ఏర్పడవు. అందుకే ఆరు, అంతకు మించి పళ్ళు లేని పిల్లవాడు వస్తే, "వీడికి చెమట పడుతుందా?" అని అడుగుతాను. దంతవైద్యుడికి చెమటతో ఏం పని అన్నట్టు చూస్తారు. చెమట పట్టని పిల్లవాడిని మన చెన్నై అగ్ని నక్షత్రం ఎండల్లో ఆటలకు పంపితే ఒళ్ళు కాలిపోతుంది, ప్రాణం మీదికి వస్తుంది.

ఎక్కువ పళ్ళ సంగతి. పై నడిమి పళ్ళ మధ్య మేకులాంటి చిన్న పన్ను ఒకటి మొలవడం అన్నిటికన్నా సాధారణం, మగపిల్లల్లో ఎక్కువ. కొన్నిసార్లు అది తలకిందులై ఎముకలోనే దాక్కుని అసలు పన్నును అడ్డుకుంటుంది. ఎనిమిదేళ్ళు దాటినా ఒక నడిమి పన్ను రాకపోతే ఎక్స్‌రే తీయించండి. కింది పాల పళ్ళ వెనక కొత్త పళ్ళు రెండో వరుసలా రావడం మాత్రం వేరు. అవి అదనపువి కావు, పాలవి ఊడితే నాలుకే చాలావరకు ముందుకు నెడుతుంది.

2019లో మన ఊళ్ళోనే, సవీత డెంటల్ కాలేజీలో, ఏడేళ్ళ బాలుడి కింది దవడ నుంచి 200 గ్రాముల సంచిలాంటి గడ్డ తీశారు. విప్పి చూస్తే 526 పళ్ళు. పత్రికలన్నీ రాశాయి. నిజానికి అది పళ్ళ కణాలతో ఏర్పడే ఒక రకం గడ్డ, క్యాన్సర్ కాదు. మూడేళ్ళ వయసులోనే వాపు కనిపించిందట.

చివరగా, పుట్టుకతోనే పన్నుంటే మేనమామకు గండం అంటారు. అలాంటి పన్ను చాలావరకు బిడ్డ సొంత పాల పన్నే, ముందుగా వచ్చిందంతే. బాగా ఊగుతూ గొంతులోకి జారే ప్రమాదం ఉంటేనో, పాలు తాగేటప్పుడు తల్లినీ బిడ్డ నాలుకనూ గాయపరుస్తుంటేనో తీస్తాం. మేనమామ కోసమైతే తీయం. తీశాక అక్కడ మరో పాల పన్ను రాదు, ఆరేడేళ్ళ దాకా ఖాళీయే. ఇక మీరు అడగండి.