ఇంగ్లండ్‌లో డెంటల్ క్లినిక్‌కి ఇన్‌స్పెక్టర్ మళ్లీ ఎందుకు వస్తారు?

(స్క్రీన్‌పై: డెంటల్ క్లినిక్ రిసెప్షన్)

నమస్కారం. మీరు చదువుకోసమో ఉద్యోగం కోసమో ఇంగ్లండ్‌లో ఉన్నారు, పన్ను నొప్పి మొదలైంది. దగ్గర్లోని క్లినిక్ గురించి నెట్‌లో వెతికితే అక్కడి వైద్య సేవలను తనిఖీ చేసే కేర్ క్వాలిటీ కమిషన్, అంటే సీక్యూసీ, రిపోర్టు దొరికింది. తెరిస్తే రెండు మూడు పేజీలే! ఇంత చిన్న రిపోర్టేంటి అని అనుమానం రావడం సహజం. చాలాసార్లు అది ఫాలో-అప్ తనిఖీ, అంటే ముందు దొరికిన లోపాన్ని సరిచేశారో లేదో చూసే తనిఖీ, రిపోర్టు అయి ఉంటుంది.

ముందు కొంచెం నేపథ్యం. సీక్యూసీ 2009లో మొదలైంది, డెంటల్ క్లినిక్‌లు 2011లో దాని పరిధిలోకి వచ్చాయి. డెంటిస్టుల రిజిస్ట్రేషన్ చూసేది జనరల్ డెంటల్ కౌన్సిల్, క్లినిక్ ఎలా నడుస్తోందో చూసేది సీక్యూసీ. మన దగ్గర బీడీఎస్ చేసి, అక్కడ విదేశీ డెంటిస్టులు రిజిస్ట్రేషన్ కోసం రాసే ఓఆర్ఈ పరీక్ష పాసై, సొంత క్లినిక్ పెట్టుకున్నవాళ్లకీ ఈ రెండూ తప్పవు. స్కాట్లాండ్, వేల్స్‌లో తనిఖీ సంస్థలు వేరు, వాటి జోలికి ఇప్పుడు పోవట్లేదు.

(స్క్రీన్‌పై: ఐదు ప్రశ్నలు)

ఇన్‌స్పెక్టర్ అడిగేవి ఐదు. వైద్యం సురక్షితంగా ఉందా? ఫలితం ఇస్తోందా? పేషెంట్లను ఆదరంగా చూస్తున్నారా? వాళ్ల అవసరాలకు స్పందిస్తున్నారా? నిర్వహణ బాగుందా? ఆస్పత్రులకు ఇచ్చినట్టు 'గుడ్', 'అవుట్‌స్టాండింగ్' రేటింగులు డెంటల్ క్లినిక్‌లకు ఇవ్వరు. నిబంధనలు పాటించారా, లేదా అన్నదే తేలుస్తారు.

తరచూ దెబ్బ తగిలేది చివరి ప్రశ్న దగ్గర. క్లినిక్‌లు పాటించాల్సిన 2014 నాటి నిబంధనల్లో 17వది నిర్వహణ గురించే. డాక్టరు హస్తవాసి ఎంత బాగున్నా ఇక్కడ దొరికిపోవచ్చు.

ఒక ఉదాహరణ చూద్దాం.

(స్క్రీన్‌పై: ఎమర్జెన్సీ మందుల పెట్టె)

షుగర్ బాగా పడిపోయిన పేషెంట్‌కి ఇచ్చే గ్లూకగాన్ ఇంజెక్షన్ ప్రతి డెంటల్ క్లినిక్‌లోనూ ఉండాలి. ఫ్రిజ్‌లో 2 నుంచి 8 డిగ్రీల మధ్య పెడితే ప్యాక్ మీదున్న తేదీ వరకు పనికొస్తుంది. బయట పెడితే 18 నెలలే, ఆ కొత్త గడువు ప్యాక్ మీద రాసి పెట్టుకోవాలి. రాయకపోతే అది ఎప్పుడో చెడిపోయినా ఎవరికీ తెలీదు. తనిఖీలో ఇది బయటపడితే క్లినిక్ వాళ్లు వెంటనే కొత్తది తెప్పిస్తారు. అక్కడితో అయిపోయిందనుకుంటారు.

ఫాలో-అప్‌కి వచ్చిన ఇన్‌స్పెక్టర్ కొత్త ప్యాక్ చూసి తలూపి వెళ్లిపోరు. వారం వారం పెట్టె చెక్ చేసేది ఎవరు? ఆ మనిషి సెలవు పెడితే ఎవరు? రాసిన పుస్తకం ఏది? ఇవీ ఆ రోజు ప్రశ్నలు. తప్పు మళ్లీ జరిగితే పట్టుకునే పద్ధతి క్లినిక్‌లో ఉందా అన్నదే అసలు పరీక్ష.

రికార్డు ఉంటే చాలనుకోవడమూ పొరపాటే. నీళ్లలో పెరిగి న్యుమోనియా తెచ్చే లెజియొనెల్లా బ్యాక్టీరియా పెరగకుండా కుళాయిలో వేడినీళ్లు కనీసం 50 డిగ్రీలకు, వైద్య కేంద్రాల్లో అయితే 55కి, చేరాలి. పుస్తకంలో నెలనెలా 41, 42 అని శ్రద్ధగా రాసి ఉంటుంది. అది తక్కువని మాత్రం ఎవరికీ తట్టదు! నా దృష్టిలో పుస్తకమే లేకపోవడం కంటే ఇది ఘోరం. స్టాఫ్‌కి నేరచరిత్ర ఉందేమో చూసే డీబీఎస్ చెక్‌లు, హెపటైటిస్-బీ టీకా రికార్డులు, ఎక్స్‌రే ఆడిట్లు కూడా ఇలాగే చూస్తారు.

మొదటి తనిఖీలో లోపం దొరికితే, ఏం సరిచేస్తారో క్లినిక్ రాతపూర్వకంగా చెప్పాలి. లోపం తీవ్రమైతే గడువుతో వార్నింగ్ నోటీసు వస్తుంది. తర్వాత ఇన్‌స్పెక్టర్ స్వయంగా రావచ్చు, లేదా కాగితాలు తెప్పించుకుని ఆఫీసులోనే పరిశీలించవచ్చు. అప్పటికీ మారకపోతే రిజిస్ట్రేషన్‌కి షరతులు పెట్టే, చివరికి రద్దు చేసే అధికారం సీక్యూసీకి ఉంది.

(స్క్రీన్‌పై: రెండు రిపోర్టులు పక్కపక్కన)

ఇప్పుడు మీ చేతిలోని చిన్న రిపోర్టుకి వద్దాం. ఫాలో-అప్‌లో సాధారణంగా మొదట తప్పిన అంశాన్నే చూస్తారు. మిగతా నాలుగు ప్రశ్నల ఊసు లేదంటే, వాటిని ఈసారి మళ్లీ పరిశీలించలేదని అర్థం. కాబట్టి పాత రిపోర్టు కూడా తెరవండి. అక్కడ ఏం తప్పిందో, కొత్తదాంట్లో దానికి ఏం చేశామని చెప్పారో పక్కపక్కన పెట్టి చదవండి. తనిఖీ తేదీ కూడా చూడండి, ఎందుకంటే సీక్యూసీ అన్ని డెంటల్ క్లినిక్‌లకూ ఏటా వెళ్లదు.