పోటు నీళ్లలో ఒలింపిక్ రోయింగ్: లాంగ్ బీచ్ కోర్సుకి యానాం గట్టు మీద నుంచి రివ్యూ

అందరికీ నమస్కారం. 2028 లాస్ ఏంజెలిస్ ఒలింపిక్స్‌లో రోయింగ్ పందేలు సముద్రపు పోటు ఎక్కి దిగే ఉప్పునీళ్లలో జరగబోతున్నాయి. వేదిక లాంగ్ బీచ్ మెరైన్ స్టేడియం. ఈ సంగతి తెలిసిన దగ్గర్నుంచి రోయింగ్ అభిమానులకి ఒకటే టెన్షన్. నీరు ఒక లేన్‌లో కలిసొచ్చి పక్క లేన్‌లో కలిసిరాకపోతే, నాలుగేళ్లు కష్టపడినవాళ్ల గతేంటి? ఇవాళ ఆ వేదికనే రివ్యూ చేద్దాం. నేనున్నది యానాంలో, గోదావరి పాయ గౌతమి గట్టు మీద. ఆటుపోట్ల గురించి మాట్లాడటానికి ఇంతకంటే మంచి చోటు నాకు దొరకదు.

ముందు ఆ స్టేడియం ఏంటో చూద్దాం. పేరుకి స్టేడియమే గానీ, అది సముద్రం పక్కనున్న అలమిటోస్ బే నుంచి లోపలికి తవ్విన ఒక పొడవాటి నీటి దారి. 1932 ఒలింపిక్స్ రోయింగ్ కోసమే తవ్వారు. ఆ ఏడాది ఎనిమిది మంది తెడ్లు వేసే ఎయిట్ ఫైనల్లో అమెరికా 6 నిమిషాల 37.6 సెకన్లలో గెలిచింది. ఇటలీ 6 నిమిషాల 37.8. తేడా 0.2 సెకను. ఈ 0.2ని కాస్త గుర్తుంచుకోండి, తర్వాత లెక్కలో కావాలి.

అప్పట్లో అక్కడ 2000 మీటర్ల పందెం పెట్టారు. తర్వాత అడ్డంగా ఒక వంతెన కట్టారు. 1984లో ఒలింపిక్స్ మళ్లీ లాస్ ఏంజెలిస్‌కి వచ్చినా రోయింగ్‌ని మాత్రం దూరంగా ఉన్న లేక్ కసిటాస్‌లో పెట్టారు. ఇప్పుడు 2028కి మళ్లీ ఇక్కడికే తెచ్చారు గానీ, వంతెన వల్ల పందెం దూరం 1500 మీటర్లకి తగ్గించారు. ఇది నాకు నచ్చలేదు. రోయింగ్‌లో అసలు పరీక్షంతా చివరి 500 మీటర్లలోనే ఉంటుంది. ఊపిరి అందకపోయినా తెడ్డు లయ తప్పకుండా లాగగలిగినవాడే అక్కడ నెగ్గుతాడు. సరే, దాని మీద చర్చ వేరే. మన విషయం నీళ్లు.

కాలిఫోర్నియా తీరంలో కూడా మనలాగే రోజుకి రెండు పోట్లు, రెండు పాట్లు (పాటు అంటే నీరు దిగడం). కానీ ఒక తేడా ఉంది. మనకి రెండు పోట్లూ ఇంచుమించు ఒకే ఎత్తులో వస్తాయి. వాళ్లకి ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. రోజులో అన్నిటికంటే ఎత్తు పోటుకీ, అన్నిటికంటే లోతు పాటుకీ మధ్య తేడా లాస్ ఏంజెలిస్ దగ్గర సగటున సుమారు 5.5 అడుగులు. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో ఇంకా ఎక్కువ.

ఇప్పుడు కెమెరా నీళ్ల మీదికి తిప్పుతున్నాను. పోటు ఎక్కుతున్న టైం ఇది. ఆ గుర్రపుడెక్క గుత్తుల్ని చూడండి. సముద్రం వైపు పోవాల్సినవి ఎగువకి పోతున్నాయి. నడి ఏట్లో ఉన్న గుత్తి ఆ కట్టేసిన పడవని దాటేసింది. గట్టు వారగా ఉన్న గుత్తి దానితోపాటే బయల్దేరింది, ఇంకా సగం దూరం కూడా రాలేదు. ఇక మూడోది, రేవు గుంజల దగ్గర ఉన్నది, అక్కడే గిరగిరా తిరుగుతోంది. ఇప్పుడు చూడండి, కాస్త వెనక్కి కూడా జరిగింది. ఒకే ఏరు, ఒకే పోటు, మూడు రకాల నడక.

అందుకే ఇక్కడ తెడ్డు వేసేవాళ్లు నీటికి ఎదురెళ్లాల్సి వస్తే గట్టు వార పట్టుకుని పోతారు. నీటితో కలిసి పోయేటప్పుడు నడి ఏట్లోకి వస్తారు. ఎవరూ నేర్పక్కర్లేదు, భుజాలే నేర్పుతాయి. ఒలింపిక్ రోయర్‌కి ఆ వీలు లేదండీ. 13.5 మీటర్ల వెడల్పు లేన్ ఇస్తారు. అందులో నీరు ఎలా ఉంటే అలాగే లాగాలి. పోటు ఉండటం తప్పు కాదు, నీరు ఎంచుకునే వీలు లేని ఆటలో పోటు ఉండటం దగ్గరే ఇబ్బంది.

లండన్‌లో థేమ్స్ మీద ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్ జట్ల బోట్ రేస్ చూసే ఉంటారు. పట్నీ నుంచి మోర్ట్‌లేక్ దాకా 6.8 కిలోమీటర్లు. 1845 నుంచి దాదాపు ప్రతిసారీ ఆ పోటు నీళ్లలోనే జరుగుతోంది. పోటు ఎక్కుతున్నప్పుడే కావాలని మొదలుపెడతారు. చుక్కాని పట్టినవాళ్లు నదిలో ఎక్కడ నీరు జోరుగా ఉందో చూసి అక్కడికి పడవని తిప్పుతారు, దాని కోసం ఒకరినొకరు ఒత్తుకుంటారు. అక్కడ పోటుని చదవడం కూడా ఆటలో భాగమే. దాన్ని చూపించి "థేమ్స్‌లో లేని బాధ లాంగ్ బీచ్‌లో ఎందుకు" అనేవాళ్లతో నేను ఒప్పుకోను. రెండూ వేరు వేరు ఆటలు.

అయితే లాంగ్ బీచ్‌లో నీటి జోరు నిజంగా ఎంత ఉండొచ్చు? కాగితం మీద లెక్క వేశాను, మీరూ వేసి చూడండి. ఒక చివర మూసుకుపోయిన 1500 మీటర్ల కాలువ అనుకుందాం. లోతు సగటున 4 మీటర్లు అనుకుందాం. ఆరు గంటల్లో నీరు 1.67 మీటర్లు, అంటే 5.5 అడుగులు ఎక్కితే, ఆ నీరంతా తెరిచి ఉన్న చివర నుంచే లోపలికి రావాలి. అక్కడ జోరు సగటున సెకనుకి 3 సెంటీమీటర్లు, పోటు మధ్యలో 4 నుంచి 5 సెంటీమీటర్లు వస్తుంది. మూసి ఉన్న చివరికి వెళ్లేసరికి దాదాపు సున్నా. అక్కడ పైన కొలరాడో లగూన్ అని చిన్న మడుగు ఒకటి ఉంది, దానిలోకి పోయే నీరు కూడా ఈ కాలువలోంచే వెళ్లాలి కాబట్టి ఇంకొంచెం కలుపుకోండి.

ఇప్పుడు పడవ. సింగిల్ స్కల్స్‌లో, అంటే ఒక్కడే రెండు తెడ్లతో లాగే పందెంలో, మంచి రోయర్ సెకనుకి 5 మీటర్లు పోతాడు. 1500 మీటర్లకి 300 సెకన్లు. కోర్సు మొత్తం మీద సగటున సెకనుకి రెండు, రెండున్నర సెంటీమీటర్ల జోరు కలిసొస్తే మిగిలేది ఒక సెకను పైన. అది అన్ని లేన్లకీ ఒకేలా వస్తే ఎవరికీ అన్యాయం లేదు. టైములు మారతాయి, పతకాలు మారవు. కాబట్టి "పోటు వల్ల పందెం పాడైపోతుంది" అన్న భయం, నా లెక్క ప్రకారం, ఉన్నదానికంటే పెద్దది. గౌతమిలాంటి ఏటి జోరు అక్కడ రాదు.

కానీ లేన్‌కీ లేన్‌కీ తేడా వస్తే? సెకనుకి కేవలం అర సెంటీమీటరు తేడా వచ్చిందనుకోండి. 300 సెకన్ల పందెంలో అది 0.3 సెకను, అంటే పడవ ముక్కు ఒకటిన్నర మీటరు ముందుంటుంది. 1932లో స్వర్ణానికీ రజతానికీ మధ్య ఉన్నది 0.2 సెకను. అర సెంటీమీటరు అంటే కంటికి కనపడదు, గుర్రపుడెక్క కూడా చెప్పదు. పరికరం పెట్టి కొలవాల్సిందే.

ఇక లోతు సంగతి. దీని గురించి తక్కువ మాట్లాడుతున్నారు, నాకు మాత్రం ఇదే ఎక్కువ ముఖ్యం అనిపిస్తోంది. నీటి లోతు తగ్గితే పడవ కింద నీటికి పక్కకి తప్పుకునే చోటు తగ్గుతుంది, పడవ బరువెక్కినట్టు అవుతుంది. లోతు అన్ని లేన్లలో సరిపడా, సమానంగా ఉండాలి. కాలిఫోర్నియాలో ఎండాకాలంలో అమావాస్య, పౌర్ణమి దగ్గర బాగా దిగే పాటు తెల్లవారుజామున వస్తుంది. మధ్యాహ్నం సముద్రపు గాలి లేస్తుంది కాబట్టి రోయింగ్ పొద్దున్నే పెట్టాలనుకుంటారు. అంటే గాలి బాగున్న టైంకి నీరు తక్కువ, నీరు నిండే టైంకి గాలి.

క్యాలెండర్ కూడా చూడండి. ఒలింపిక్స్ 2028 జూలై 14 నుంచి 30 వరకు. జూలై 22న అమావాస్య. మామూలు అమావాస్య కూడా కాదు, ఆ రోజు సిడ్నీ మీదుగా సంపూర్ణ సూర్యగ్రహణం. అంటే ఆటల మధ్యలోనే పెద్ద పోట్లు, పెద్ద పాట్లు వచ్చే రోజులు ఉంటాయి. హీట్, అంటే తొలి రౌండ్ పందెం, ఒక రకం నీళ్లలో, సెమీస్ ఇంకో రకం నీళ్లలో పడే వీలుంది. టైముల్ని బట్టి లేన్లు ఇచ్చేటప్పుడు ఇది మరిచిపోకూడదు.

టోక్యో వాళ్లు ఈ తలనొప్పికి ఒక మందు కనిపెట్టారు. అక్కడి ఒలింపిక్స్ రోయింగ్ జరిగిన సీ ఫారెస్ట్ వాటర్‌వే కూడా సముద్రపు నీరే. రెండు చివరలా తలుపులు కట్టి పోటుని బయటే ఆపేశారు, మన లాకుల పద్ధతే. 2021లో మన అర్జున్ లాల్ జాట్, అర్వింద్ సింగ్ లైట్‌వెయిట్ డబుల్ స్కల్స్‌లో 11వ స్థానం తెచ్చుకున్నది ఆ నీళ్లలోనే. నీటిమట్టం కదల్లేదు గానీ వేరే బాధ వచ్చింది. అలలు తగ్గించడానికి వేసిన తేలే తెప్పలకి ఆల్చిప్పలు పట్టేసి, ఆ బరువుకి అవి మునగడం మొదలైంది. దాదాపు 14 టన్నుల ఆల్చిప్పలు గీకి తీశారు. ఉప్పునీటిలో ఏది కట్టినా దానికి సేవ చేస్తూనే ఉండాలి. మన తీరంలో పడవ ఉన్న ఏ ఇంటినడిగినా ఇదే చెబుతారు.

మన వైపు సంగతి కూడా చెప్పాలి. సంక్రాంతికి ఆత్రేయపురం కాలువలో పడవ పందేలు చూసినప్పుడల్లా గోదావరి జిల్లాల్లో అసలైన రోయింగ్ కోర్సు ఒకటి ఉండాలన్న మాట వస్తుంది. నాకూ అదే కోరిక. లంకల్లో పుట్టిన పిల్లలకి తెడ్డు కొత్త కాదు. కానీ చోటు ఎంచుకునేటప్పుడు జాగ్రత్త. ఆత్రేయపురం కాలువకి నీరు ధవళేశ్వరం బ్యారేజీ నుంచి వస్తుంది, పోటు బాధ లేదు, కానీ ఆరు లేన్ల వెడల్పు లేదు. ఎండాకాలంలో కాలువలు కట్టేస్తారు కూడా. బ్యారేజీకి ఎగువన రాజమండ్రి దగ్గర వెడల్పు కావాల్సినంత, కానీ గాలి లేస్తే అలలు, వరదలొస్తే అటు వెళ్లే ప్రశ్నే లేదు. గౌతమి, వశిష్ఠ, వైనతేయ పాయల్లో దిగువకి వస్తే ఇదిగో, ఈ గుత్తుల ఆట. అందుకే నా ఓటు నదికి కాదు, పక్కన తవ్విన చెరువుకి.

లాంగ్ బీచ్‌కి నా మార్కులు పదికి ఆరు. చరిత్ర ఉంది, పక్కనే ఊరుంది, జనం గట్టు మీద నిలబడి చూడొచ్చు. నీటి జోరు భయపడేంత కాదు. తగ్గించినవి 1500 మీటర్ల దూరానికీ, పాటు టైంలో లోతుకీ. నిర్వాహకులు మూడు పనులు చేస్తే ఎనిమిది ఇస్తాను. ఏడాది ముందే ప్రతి లేన్‌లో పోటుకీ పాటుకీ నీటి జోరు, లోతు కొలిచి అందరికీ కనిపించేలా పెట్టాలి. ఫైనల్స్ టైము టీవీ కోసం కాకుండా పోటు పట్టిక చూసి వేయాలి. తేడా కనపడితే ఆ రోజు లేన్లు మార్చే అధికారం ఎవరిదో ముందే రాసిపెట్టాలి.

అంతర్వేది, భైరవపాలెం, ఓడలరేవు వైపు పడవ నడిపేవాళ్లు ఈ వీడియో చూస్తుంటే ఒక సాయం చేయండి. అమావాస్య పోటుకి మీ రేవులో నీరు ఎంతసేపు ఎక్కుతుంది, ఎంతసేపు నిలబడుతుంది, నడి ఏటికీ గట్టుకీ ఎంత తేడా ఉంటుంది, కింద రాయండి. వచ్చే వీడియోలో ఆ రేవులన్నీ ఒక మ్యాప్ మీద పెట్టి చూపిస్తాను. ఉంటానండీ.